చీకటి బీరువాలో నీలం సీసా

ముగ్గురు పెద్దమనుషుల ముందు ఒక దెయ్యాన్ని నిలబెట్టి, ఇదే నా పరిశోధన అని చెప్పిన ఘనుణ్ణి నేను. నా చదువు కాస్తా బూడిదపాలు కాబోయిన ఆ రోజు గురించి చెబుతాను. నవ్వడానికి తొందరపడకండి, ముందు కొంచెం భయపడాలి.

రెండు వేల మూడో, నాలుగో. తిరుపతిలో కెమిస్ట్రీ రీసెర్చి స్కాలర్ని. నగరి, పుత్తూరు వైపు మగ్గాల ఊళ్లలో అద్దకం నీళ్లు పారుతుంటాయి కదా, ఆ రంగును ఎండతోనే పోగొట్టే పొడి చేయడం నా పని. జింక్ ఆక్సైడ్‌లో చిటికెడు రాగి కలిపి, కంటికి ఆనని నలుసులుగా తయారుచేయాలి. నలుసులు అతుక్కోకుండా గ్లూకోజు వేయమన్నారు మా గైడు సారు. నేను చెరకు గానుగ ఉన్న ఇంట్లో పుట్టాను. చిత్తూరు బెల్లం ఉండగా గ్లూకోజెందుకని మా నాయన వండిన బెల్లమే వేశాను. ఆ పైన కాస్టిక్ సోడా. చివర్లో పొడిని డిస్టిల్డ్ వాటరుతో ఏడుసార్లు కడగాలి. మే నెల, ల్యాబులో ఆ నీళ్లకు కరువు. ఒక్కసారి కడిగి, నోట్‌బుక్కులో మాత్రం గుండ్రటి అక్షరాలతో 'ఏడుసార్లు' అని రాసేశాను.

శుక్రవారం ముగ్గురు సభ్యుల కమిటీ ముందు రివ్యూ. పొడి పనిచేస్తుందని చూపకపోతే పిహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు.

మంగళవారం నీలం రంగు నీళ్లలో పొడి కలిపి రెండు సీసాల్లో పోశాను. ఒకటి మిద్దె మీద ఎండలో పెట్టాను. రెండోదానికి మూత బిగించి, కిటికీ లేని స్టోరు గదిలో పాత బీరువాలో దాచాను. చీకట్లో ఉన్నది నీలంగానే ఉండాలి. అప్పుడే రంగు పోగొట్టింది ఎండేనని రుజువు.

మర్నాడు మధ్యాహ్నం బీరువా తెరిచాను. సీసాలో నీలం లేదు. ఎవరో రంగంతా తాగేసినట్టు నీళ్లు తెల్లగా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని వెలుతురు కోసం గుమ్మం దాకా నడిచాను. నా కళ్ల ముందే పైనుంచి నీలం మెల్లగా దిగడం మొదలైంది. గుమ్మం చేరేసరికి సీసా అంతా నీలం. బల్ల మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ తెల్లబడింది.

అటెండరు మునెయ్య నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

"సామీ, ఈ బీరువా యాడిదో తెలుసునా?"

"యాడిది?"

"జువాలజీ వాళ్లది. మనిషి ఎముకలగూడు దీంట్లోనే ఉండె. గూడును తీసకపొయ్యినారు. బీరువా ఈడే ఉండాది."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. సెప్పినా, అంతే."

ఆ 'అంతే' నన్ను ఆ పూట అన్నం తిననివ్వలేదు.

సాయంత్రం రాజేశ్వరి వచ్చింది. బయోటెక్నాలజీలో స్కాలరు. నా పొడి ప్రాణమున్న కణాలకు హాని చేస్తుందేమో చూసిపెట్టమని అంతకుముందే ఆమెకు ఇచ్చి ఉన్నాను.

"మణీ, ఏం పొడి ఇచ్చినావప్పా? ఒక్క కణం మిగల్లేదు. రవ్వంత వేసినా అన్నీ చచ్చిపోయినాయి."

"వెలుతురులోనా?"

"చీకట్లోనే."

చీకట్లో రంగు తాగే పొడి, చీకట్లో ప్రాణం తీసే పొడి. గురువారం బీరువాకు విభూతి పెట్టాను. సైన్సు చదివినవాణ్ణి కాబట్టి, ఎవరికీ కనిపించకుండా వెనకవైపు పెట్టాను.

రాత్రంతా ఆలోచించి, భయాన్ని గర్వంగా మార్చుకున్నాను. శుక్రవారం కమిటీ ముందు సీసా ఊపి, నీలం రప్పించి, మళ్లీ పోగొట్టి చూపించాను. "ఈ పొడికి ఎండ కూడా అక్కర్లేదండీ. ఇది కొత్త గుణం" అని గొంతు పెంచి చెప్పాను. మా గైడు సారు మాత్రం సీసాను చూడలేదు. బల్ల మీద నేను పెట్టిన పొడి డబ్బా వైపు చూస్తున్నారు.

"ఏమబ్బా, దీని మీద 'విషం' అని రాసుండావే?"

"అవును సార్. కణాలన్నీ చచ్చిపోయినాయి."

"మరి చీమలేల చావలేదు?"

చూశాను. కిటికీ నుంచి డబ్బా దాకా బారులు తీరిన చీమలు. మూత అంచున పండగ జరుగుతోంది.

"ఎన్నిసార్లు కడిగినావు?"

"ఏడు... ఒక్కసారి సార్."

ఆయన నిట్టూర్చారు. సరిగా కడగని పొడిలో మిగిలిన బెల్లమూ కాస్టిక్ సోడా కలిస్తే చీకట్లోనే నీలాన్ని తెల్లబరుస్తాయట. కుదిపితే గాలి కలిసి నీలం తిరిగొస్తుందట. కణాలను చంపింది కూడా మిగిలిపోయిన సోడానే. అంటే మూడు రోజులు నన్ను భయపెట్టింది మా నాయన బెల్లం. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిన కణాల్లో అన్నిటికన్నా పెద్ద కణాన్ని నేనే.

కమిటీలో ఒకాయన కొట్టేయడానికి నా రిజిస్ట్రేషన్ కాగితం మీద కలం పెట్టాడు. సారు ఆ కలం మీద చెయ్యి వేశారు.

"ఆర్నెల్లు టైమీయండి సార్. కెమిస్ట్రీ తర్వాత సూస్తాం. ముందు ఈ అబ్బాయికి కడిగేది నేర్పిస్తా."

అందుచేత సకల సీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కడగనిదాన్ని కడిగానని ఈ జన్మలో రాయను. నమ్మకపోతే మా ఆవిడను అడగండి, ఇంట్లో గిన్నెలన్నీ కడిగే పని నాదే.