అడుగు మన్ను కోసం మురుడేశ్వర్

మురుడేశ్వర్ వెళ్లి సముద్రంలో మునగాలనుకునేవాళ్లు ఇంట్లో ఉండగానే ఒకటి నిర్ణయించుకోవాలి. చవకలో స్నార్కెల్ సెట్టు కొనుక్కోవాలా, లేక స్కూబాకు డబ్బు కట్టాలా? నేను కర్ణాటకలో, పావగడ సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతాను. మా ఊరు రాయచెర్లులో ఆ పనికి నీళ్లు ట్యాంకర్లో వస్తాయి. నీళ్ల గురించి సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత అంతే. అయినా చెబుతాను.

ప్రయాణం నిజానికి మా మేనత్త నారాయణమ్మది. పావగడ పక్క అరసికెరెలో ఆమెకు చెనిక్కాయ చేను ఉంది, యాభై ఏడేళ్ల వయసుంది, మా నాన్నతో తెగని తగువు ఒకటుంది. వాళ్ల చిన్నప్పుడు రాయచెర్లులో మా బావి నిండా నీళ్లు. తేలడానికి నడుముకు బెండ్లు కట్టుకుని పిల్లలంతా అందులోనే ఈత నేర్చుకునేవాళ్లు. అడుగుదాకా మునిగి పిడికెడు మన్ను తెచ్చి చూపిస్తేనే ఈత వచ్చినట్టు లెక్క. నాన్న తెచ్చాడు. అత్త బెండ్లు విప్పేసి, ఇక మునగడమే తరువాయి అనుకున్న వేసవిలో పెద్దమనిషి అయింది. మా అవ్వ బావి మాన్పించింది.

తరువాత బావి ఎండిపోయింది. మెట్లు దిగి అడుగు మన్ను తెచ్చుకోవచ్చు కదా అని ఎవరో అంటే, "నీళ్లు లేని బాయిలోకి మేకలూ దిగుతాయప్పా" అందట అత్త. సోలార్ పార్కుకు భూమి లీజుకిచ్చేటప్పుడు నాన్నే ఆ బావిని పూడ్పించాడు. ఇప్పుడు దాని మీద ప్యానెళ్లున్నాయి. పెళ్లిలో కలిసినా, చావులో కలిసినా నాన్న ఆమెను అడిగేది ఒకటే: "ఏం నారాయణీ, మన్ను ఏదీ?" ఆయనకు ఇన్నేళ్లయినా విసుగు రాలేదు. అత్త మొహం మాత్రం ప్రతిసారీ మాడిపోయేది. అది చూస్తే నాకు నాన్న మీద ఒళ్లు మండేది.

ఒకరోజు అత్త నా ఫోన్లో, సముద్రం అడుగున మోకాళ్ల మీద కూర్చున్న మనిషి వీడియో చూసింది. మళ్లీ చూసింది. "ఇది యాడ?" అంది. మన రాష్ట్రంలోనే అన్నాను. "అయితే పోదాం" అంది.

నేను పొదుపు మనిషిని. ఫోన్లో వెతికి, ఉన్నవాటిలో చవకైన స్నార్కెల్ సెట్టు తెప్పించాను. కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం, నోట్లో పెట్టుకునే గొట్టం, కాళ్లకు రబ్బరు రెక్కలు. అత్త అద్దం పెట్టుకుని, మేకలు తాగే తొట్టిలో తల ముంచింది. మేకలు కాస్త దూరం జరిగాయి. ఆమె తల ఎత్తి, "అడుగు కనపడతాండాది. అందుకునేది ఎట్ల?" అంది. చెయ్యి పెడితే అందుతుంది కదా అన్నాను. అత్త అద్దం తీసి నా చేతిలో పెట్టింది.

డిసెంబరులో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకు పావగడలో బస్సెక్కాం. నా సంచిలో స్నార్కెల్ సెట్టు. అత్త చేతిలో వేయించిన చెనిక్కాయల మూట, దానితోపాటు ఎండిన కిత్తనార కాడలు కోసి కట్టిన బెండ్ల మోపు. అదెందుకంటే, రెండూ కుదరకపోతే మూడోది ఉండాలంది. కండక్టరు ఆధార్ చూసి అత్తకు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు ఇచ్చాడు. మోపు దగ్గర ఆగాడు.

"ఏందమ్మా ఇది?"

"ఈత బెండ్లు."

"యాడ ఈదను పోతాండావు?"

"సముద్రంలో."

అతను నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చూశాను. బెండ్లకు లగేజీ టికెట్టు కొట్టాడు.

పది గంటలకు తుమకూరు. స్టేషను బయట ఇడ్లీ, వడ బాగున్నాయి, చట్నీ పలుచన. అక్కడి నుంచి శివమొగ్గ రైలు. అరసికెరె జంక్షన్ రాగానే అత్త కునుకులోంచి లేచి బోర్డు చూసి, "మా ఊరికి రైలు ఎప్పుడొచ్చె?" అంది. ఇది హాసన వైపు అరసికెరె అని ఎదురుగా కూర్చున్న రిటైరైన మేష్టారు వివరంగా చెప్పాడు. ఎక్కడికి వెళ్తున్నామని అడిగాడు.

"సముద్రంలో మునగను పోతాండాం సార్."

"ఈత వచ్చా?"

"వస్తాది. ఇంకా పాసు కాలేదు."

మేష్టారు తక్కిన దారంతా పేపరు చదువుకున్నాడు. శివమొగ్గ నుంచి బస్సులో వెళ్లి, ఆ రాత్రికి సాగరలో బస్టాండు పక్క లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే వస్తాయి. మర్నాడు ఘాట్ దిగి, హొన్నావరలో బస్సు మారి, మధ్యాహ్నానికి మురుడేశ్వర్ చేరాం. అత్త ఒడ్డున నిలబడి చాలాసేపు చూసింది. "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని, మనకి ట్యాంకర్లా?" అంది.

డైవింగ్ వాళ్ల ఆఫీసులో నా సెట్టు బల్ల మీద పెట్టాను. మునగడం నేర్పే కార్వార్ అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, పైన తేలుతూ చూడటానికి ఇది చాలన్నాడు. అడుగుకు పోవాలంటే స్కూబానే, వీపుకు గాలి సిలిండరు కట్టాలి, ఆరు నిలువుల లోతుకు తీసుకెళ్తాం, కానీ అక్కడ ఏదీ ముట్టుకోకూడదు, ఏదీ తేకూడదు అన్నాడు. అత్త లేచి బయటికి వచ్చేసింది.

"ముట్టుకోకపోతే ఆడిదాకా పోయి ఏం చేసేది? మీ నాయన మళ్లా అదే అడుగుతాడు" అంది. నాకు చాలా బాధేసింది. లోపలికెళ్లి, ఇసుక కూడా ముట్టుకోకూడదా అని అడిగాను. అతను కాస్త ఆలోచించి, ఇసుక అయితే సరే, పైకి మాత్రం తేకూడదు, అక్కడే వదిలెయ్యాలి అన్నాడు. "వదుల్తాలే" అంది అత్త గుమ్మం దగ్గర నుంచి. నా పొదుపు అంతటితో సరి, స్కూబాకు డబ్బు కట్టేశాను. అత్త ఆరోగ్యం బాగుందని పావగడ డాక్టరు రాసిచ్చిన చీటీ చూసుకుని వాళ్లు రసీదు ఇచ్చారు.

ఆదివారం ఉదయం ఏడున్నరకు పడవ. నేత్రాణి దీవికి గంటన్నర. పడవలో ఇద్దరు వాంతి చేసుకున్నారు, అందులో ఒకణ్ణి నేను. దీవి దగ్గర అత్త వీపుకు సిలిండరు తగిలించి, నడుముకు సీసం దిమ్మెల పట్టీ కట్టారు. "అప్పుడు తేలేదానికి కట్టిరి, ఇప్పుడు మునిగేదానికి కడతాండారు" అంటూ బెండ్ల మోపు నా ఒళ్లో పెట్టింది.

నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్టు వేసుకుని, పడవ తాడు పట్టుకుని, నా చవక అద్దంతో నీళ్లలో మొహం పెట్టాను. చవకైనా కనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అత్త అతని చెయ్యి పట్టుకుని మెల్లగా దిగుతోంది. బుడగలు నా మొహం దాకా వస్తున్నాయి. అడుగున మోకాళ్ల మీద కూర్చుంది. పక్కన పసుపు చేపల గుంపు వెళ్తోంది, వాటిని చూడను కూడా లేదు. ఇసుకలో కుడి చెయ్యి మణికట్టుదాకా గుచ్చింది. పిడికిలి బిగించి నా వైపు ఎత్తి చూపించింది. అతను వేలు ఊపాడు. ఆమె పిడికిలి తెరిచింది, ఇసుక మెల్లగా జారిపోయింది. నా అద్దంలోకి నీళ్లు వచ్చాయి. కొన్ని కారినవి, కొన్ని నావి.

పైకి రాగానే అత్త నోట్లో గొట్టం తీసి, ముందు గోళ్లు చూసుకుంది. నాలుగు గోళ్ల కింద ఇసుక ఇరుక్కుని ఉంది. మంచినీళ్లతో అందర్నీ కడుగుతుంటే, ఆమె కుడి చెయ్యి ఎత్తి పట్టుకుని కడిగించుకుంది.

ఆ మధ్యాహ్నం హోటల్లో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్నానికి చెంచా అడిగింది. మర్నాడు తుమకూరులో దోశె కూడా చెంచాతోనే. పక్క బల్ల దగ్గరామె, "చేతికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది. "లేదమ్మా, పాసైనా" అంది అత్త.

మా తరువాత వెళ్లేవాళ్లకు నా సలహా ఇది. చూసి రావడమే పనైతే స్నార్కెల్ చాలు, అద్దం మాత్రం కాస్త మంచిది కొనండి. ఎవరికైనా జవాబు చెప్పాల్సి ఉంటే స్కూబా. బెండ్లకు రెండువైపులా లగేజీ పడుతుంది.

సాయంత్రం పావగడ నుంచి షేర్ ఆటోలో రాయచెర్లు వచ్చాం. నాన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం నారాయణీ, మన్ను ఏదీ?"

అత్త కుడి చెయ్యి ఆయన ముందు చాపింది. నాన్న అద్దాలు పెట్టుకుని, ఒక్కో గోరూ వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఇది ఇసక గదా."

"ఆడ అదే ఉండాది."

"ఎన్ని నిలువులు?"

"ఆరు."

మా బావి నాలుగే. నాన్న అద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. చెల్లెలి చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"సరే" అన్నాడు చివరికి. "ఇంక పో, చెయ్యి కడుక్కో."

అత్త కడుక్కోలేదు. ఆ రాత్రి అన్నాలకు కూర్చునే ముందు, మా ఇంట్లో చెంచా ఎక్కడుందో నాన్నే లేచి వెతికాడు.