గోనె బరువు

పాఠ్యపుస్తకంలోని పెన్సిళ్లు, ఆపిల్ పళ్లు నాకు నచ్చవు. ఆమదాలవలస దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతున్న నేను, మాటల్లో ఉన్నదాన్ని బీజగణితంలోకి మార్చే పాఠానికి సొంతంగా ప్రశ్నలు తయారుచేసి తెగ మురిసిపోయేవాణ్ణి. ఎనిమిదో తరగతి పరీక్షలో ఒకటి ఇచ్చాను: 'కాటా మీద ఒక్కో ధాన్యం బస్తా x కిలోలు తూగింది. అలాంటి ఐదు బస్తాల్లో ధాన్యం ఎంత?'

అందరూ 5x రాశారు. ఒక రైతు కూతురు మాత్రం 5(x − 1) అని రాసింది. సున్నా వేశాను. అది చాలదన్నట్టు తరగతిలో నిలబెట్టి, ఆ ఒకటి ఎక్కణ్ణుంచి ఊడిపడిందని అడిగాను.

"గోని బరువు మేస్టారూ. తీసెయ్యాలి కదేటి?"

"ప్రశ్నలో లేని గోనెను నువ్వెందుకు మోస్తున్నావమ్మా?" అన్నాను. పిల్లలంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ అమ్మాయి చేత 5x అని పదిసార్లు రాయించాను కూడా. ఆ పరీక్ష మార్కులను బట్టే స్కాలర్‌షిప్ పరీక్షకు మొదటి ఇద్దరి పేర్లు పంపాను. ఒక్క మార్కు తక్కువై తను మూడో స్థానంలో ఆగిపోయింది.

నెల తిరిగాక మా బావ ధాన్యం తూయిస్తుంటే తోడుగా మిల్లుకు వెళ్లాను. గుమస్తా కాటా చూసి, బస్తాకో కిలో తగ్గించి రాస్తున్నాడు. మోసమనుకుని గొడవకు దిగాను.

"గోని బరువండి మేస్టారూ. గోనిని కూడా ఆడించీమంటారేటి?" అన్నాడు గుమస్తా.

మా బావ పక్కనుంచి అందుకున్నాడు. "పిల్లలకి లెక్కలు సెప్తావు, ఇది తెల్దేటి బావా?"

తల కొట్టేసినట్టయింది. ధాన్యం ఎంత అని అడిగింది నేనే. ఆ ప్రశ్నను సరిగ్గా చదివింది ఆ పిల్ల ఒక్కతే.

మర్నాడు తరగతిలో అందరి ముందూ తప్పు నాదని ఒప్పుకున్నాను. మార్కు కలిపాను. కానీ దరఖాస్తుల గడువు దాటిపోయింది. ఎవరెవరికో ఫోన్లు చేశాను, లాభం లేకపోయింది. ఆ సంగతి తనకు చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆ అమ్మాయి ఏడవలేదు. నాలుగు మాటలు అన్నా బాగుండేది. పదిసార్లు 5x రాసిన పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని అడిగింది.

"ఇకమీద గోని తీసెయ్యాలా, ఉంచీమంటారా మేస్టారూ? ఏది రాస్తే మార్కులేస్తారు?"