గుల్ జమాన్ కోసం ప్రార్థన

మా క్లారా చేత తిట్లు తినని రచయిత ఈ చుట్టుపక్కల దేశాల్లో లేడు. పాపం, వాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

ఆవిడ బెంగళూరులో ఒక గార్మెంట్స్ కంపెనీలో తయారైన చొక్కాలు తనిఖీ చేస్తుంది. కుట్టు వంకరపోయినా, దారం వేలాడినా పక్కన పడేస్తుంది. నవలలనూ అదే కంటితో చదువుతుంది. లాహోర్, ఢాకా, కొలంబో, ఎక్కడి నవలైనా సరే, పాత పుస్తకాల అంగట్లో కొని, రాబర్ట్‌సన్‌పేట ఇంట్లో చదివి, పొద్దున్నే బెంగళూరు వెళ్ళే మారికుప్పం రైల్లో మాకు తెలుగులో చెబుతుంది. కథ ఒక పాలు, తిట్లు మూడు పాళ్ళు. నిజం చెప్పాలంటే మేం తిట్ల కోసమే వినేవాళ్ళం.

"ఈయప్ప నవల్లో మామిడిపండు కనపడితే చాలు, ఎవురో ఒకరు వాళ్ళవ్వను తలుచుకోని ఏడుస్తారు. మన శ్రీనివాసపురం తోటల్లో పండు రేటు పడిపోతే ఏడుస్తారు, అది మాత్రం రాయడు" అనేది. ఇంకో పుస్తకం మీద ఇంకో ఫిర్యాదు: "వంటింట్లో యాలక్కాయల వాసన నాలుగు పేజీలు రాసింది. అంట్లు ఎవురు తోమినారో ఒక్క ముక్క లేదు."

దారిలో టేకల్ స్టేషన్‌లో మునివెంకటమ్మ పూలగంపతో ఎక్కుతుంది. గంప దించకముందే "కత యాడికొచ్చె?" అంటుంది. అప్పుడు జరిగిందంతా మళ్ళీ మొదటినుంచి. నాకు విసుగే. కానీ రోజూ టవలు వేసి నా సీటు పట్టిపెట్టేది క్లారాయే కాబట్టి, నా అభిప్రాయాలు నా దగ్గరే ఉంచుకునేదాన్ని.

క్లారాకు ఒక్కటే నియమం. రాసింది రాసినట్టే చెప్పాలి. కొలంబో నవలలో పెళ్ళికూతురు చచ్చిపోయినప్పుడు మునివెంకటమ్మ బతిమాలింది. "బతికించరాదా తల్లీ, నీ సొమ్మేం పోతాది?"

"రాసినోడు చంపినాడు, నేనేం జేసేది? నాది చెక్కింగు పనమ్మా, కుట్టేది కాదు" అంది క్లారా. ఆ రోజు మునివెంకటమ్మ ఆవిడకు పూలివ్వలేదు.

అలా ఉండగా పాకిస్తాన్ బొగ్గుగని నవల ఒకటి దొరికింది. అప్పటిదాకా మా కథలకు ఒక శత్రువుండేవాడు, అమృతరాజన్న. ఒకప్పుడు మా ఊరి బంగారు గనిలో పనిచేసి, గని మూతపడ్డాక బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరిన మనిషి. మేం నోరు తెరిస్తే కిటికీకి తల ఆనించి గురక పెట్టేవాడు. గని మాట చెవిన పడగానే లేచి కూర్చున్నాడు. నవలలో గుల్ జమాన్ అనే కూలీ గని కప్పు విరిగిపడి కిందే చిక్కుకుపోయాడు. పైన అతని కొడుకు నిలబడి ఉన్నాడు. అమృతరాజన్న చిన్నతనంలో అలాగే గనిలోకి దిగే షాఫ్టు నోటి దగ్గర నిలబడ్డవాడే. వాళ్ళ నాయన పైకి రాలేదు, శవం కూడా దొరకలేదు. అది మాకందరికీ తెలుసు గనక, క్లారా కూడా తిట్లు తగ్గించి చెప్పింది.

ఆ ఆదివారం మా చర్చిలో ప్రసంగం అయ్యాక అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. మోకాళ్ళ నొప్పులు, పరీక్షలు, మొగుళ్ళ తాగుడు వరసగా అయ్యాయి. అప్పుడు అమృతరాజన్న లేచాడు. "గుల్ జమాన్ అనే ఆయప్ప గనిలో చిక్కుకోని ఉండాడు. ఆయప్ప కోసం అడగండి."

అయ్యగారు ఊరికి కొత్త. గని అంటే కరిగిపోయి సుదీర్ఘంగా ప్రార్థించారు. నేను నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం అంచు కొరికాను. క్లారా నా తొడ గిల్లింది. బయటికొచ్చాక, అయ్యగారికి సంగతి "నువ్వు చెప్పు" అంటే "నువ్వు చెప్పు" అనుకున్నాం, ఎవరమూ చెప్పలేదు. పై శుక్రవారం స్త్రీల సమాజం వాళ్ళు గుల్ జమాన్ కోసం ఉపవాసమే ఉన్నారు. సొంత మొగుడికోసం ఒక పూట పస్తుండని వాళ్ళు కూడా ఉన్నారు.

ఇంతలో నవల అయిపోయింది. చివరి పేజీలో కేజి తాడు కదులుతుంది. కేజి అంటే మనుషుల్ని గనిలోకి దించే, పైకి లాగే పెట్టె. కొడుకు తలెత్తి చూస్తాడు. అంతే, సమాప్తం. అట్టమీద మాత్రం గొప్పవాళ్ళెవరో, జవాబు చెప్పకపోవడమే ఈ నవల ధైర్యం అని మెచ్చుకున్నారు.

ప్లాట్‌ఫారం మీద క్లారా నాతో అంది, "కేజి వస్తే మనిషన్నా ఉండాల, శవమన్నా ఉండాల. మూడోది యాడన్నా ఉండాదా? ఆ కొడుకును అట్లే నిలబెట్టేసి ఇంటికి పోయినాడే, వీడికి చేతులెట్లొచ్చె?" ఆవిడ కోపం చాలాసార్లు చూశాను. కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

రైలు కదిలాక అమృతరాజన్న అడిగాడు. "ఏమాయె క్లారా?"

"వచ్చినాడన్నా" అంది క్లారా. "ప్రాణంతోనే వచ్చినాడు. బాగా రాసినాడులే."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. టేకల్‌లో కబురు విని మునివెంకటమ్మ మాకందరికీ మూరెడు మూరెడు పూలు తెంచి ఇచ్చింది. అమృతరాజన్న టవల్‌తో మొహం తుడుచుకున్నాడు. "ఆదివారం సాక్ష్యం చెప్పాల" అన్నాడు.

క్లారా మొహం మాడిపోయింది. ప్రార్థన ఫలిస్తే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. రైల్లో ఆడిన అబద్ధం రైల్లోనే దిగిపోతుందనుకుంది. అది నేరుగా చర్చికే బయలుదేరింది, అదీ జీవితంలో అబద్ధం చెప్పని అమృతరాజన్న నోట. ఆ వారమంతా ఆవిడ పుస్తకం ముట్టలేదు. మా ప్రయాణం చప్పగా సాగింది.

ఆదివారం అయ్యగారు సాక్ష్యాలు అనగానే అమృతరాజన్న బెంచీ పట్టుకుని లేవబోయాడు. అంతకన్నా ముందే క్లారా లేచింది.

"అయ్యగారూ, గుల్ జమాన్ పైకి రాలేదు. నేను అబద్ధం చెప్పినాను. వచ్చినాడో లేదో రాసినాయన రాయలేదు. ఆయప్ప పుస్తకంలో మనిషి."

ఉపవాసమున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగారు. "నవల్లో మనిషి కోసమా ఇన్ని రోజులు ప్రార్థించింది?" అన్నారు అయ్యగారు.

"పుస్తకంలో మనిషని నాకు తెలుసు అయ్యగారూ" అన్నాడు అమృతరాజన్న. "క్లారా పుస్తకం చేతిలో పెట్టుకోనే చెప్పె గదా. మా నాయన కింద ఉండినప్పుడు ఇట్ల లేచి అడగాలని నాకు తెలీకపోయె. చిన్నోణ్ణి. ఈయప్పకన్నా అడుగుదామనుకుంటి." క్లారా వైపు తిరిగాడు. "ఇంగా కిందనే ఉండాడా అయితే?"

"తెలీదన్నా" అంది క్లారా. ఏడుస్తోంది.

అయ్యగారు పుల్పిట్ దిగి అమృతరాజన్న బెంచీ దగ్గరికి వచ్చారు. తర్వాత అడిగారు. "మీ నాయనగారి పేరేమిటి?"

"దేవసహాయం" అన్నాడు అమృతరాజన్న.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. అయ్యగారు ఆ మాట ఎత్తలేదు. ఆ పేరుతో మొదలుపెట్టారు, మేం కళ్ళు మూసుకున్నాం.