గొడుగిచ్చిన పిల్ల పక్షాన కాజాల వదిన

కాజాల వదిన ఒకే సూదితో, దారమైనా మార్చకుండా, ఒక పెళ్లిని చింపి మళ్లీ కుట్టేసింది. నమ్మనివాళ్లు నమ్మకండి. ఆవిడ కాజాలు కుట్టిన చొక్కాకు గుండీలు వాటంతటవే లేచొచ్చి పెట్టుకుంటాయన్నా మొదట ఎవరూ నమ్మలేదు.

ఆవిడ పనిచేసే కుట్టుకొట్లో బట్ట కత్తిరించేది మాస్టరు, మడతలు పెట్టేది ఇస్త్రీ తాత, చొక్కాలకు గుండీలు దూరే కాజాలు చేత్తో కుట్టేది వదిన. సొంత మరుదులు లేరు గానీ వీధి వీధంతటికీ ఆవిడ వదినే. పెళ్లైన కొత్తలో మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పీట మాత్రం జరగలేదు. ఇన్నేళ్లలో ఆవిడ పనికి వంక పెట్టినవాడు పుట్టలేదు. మాస్టరంతటివాడు కూడా ఆవిడ కుట్టినది తిరగేసి చూడడు. ఆవిడకున్న ఆస్తీ, గర్వమూ అదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు కాసేపు ఆగుతాయి. అప్పుడు తాత కళ్లజోడు తుడుచుకుని నవల చదువుతాడు, వదిన వింటూ కుడుతుంది. ఆ వారం నవలలో ఒక కాలేజీ పిల్ల వానలో తడుస్తున్న తోటి కుర్రాడికి తన గొడుగిచ్చింది. ఆ గొడుగు వాడి చేతిలో చూసి, ఆమెను ప్రేమించినవాడు కుతకుతలాడిపోయాడు. ఎన్ని పేజీలు తిప్పినా ముడుచుకున్న మూతి విప్పడే!

“గొడుగిస్తే గుండె ఇచ్చేసినట్టేనా? వీడి కుళ్లు తగలెయ్య!” అంది వదిన.

“నా మీద అరుస్తావేంటమ్మా, నేను చదివేవాణ్ణేగా!”

“చదివేవాడివి, కాస్త వాడికి బుద్ధొచ్చేట్టు చదువు.”

మగవాళ్ల చొక్కాకు కాజాలు ఎడమ పట్టీకి రావాలి, ఆడవాళ్లకైతే కుడి పట్టీకి. నిద్రలో లేపి అడిగినా వదిన చెప్పగలదు. కానీ ఆ రోజు ఆవిడ కొట్లో ఎక్కడుంది? వానలో, గొడుగు లేని ఆ పిల్ల పక్కనుంది. ఒక పెళ్లికొడుకు చొక్కాకు కాజాలన్నీ కుడి పట్టీకి కోసి, ముత్యాల్లా కుట్టేసింది. కోసిన కాజా జారిన మాట లాంటిది, వెనక్కి రాదు.

సాయంత్రం పెళ్లికొడుకు చేసుకోబోయే పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. చొక్కా తొడుక్కుని గుండీల కోసం తడుముకున్నాడు.

పిల్ల కళ్లు చిన్నవయ్యాయి. “ఇది ఆడవాళ్ల చొక్కా కదూ? ఎవరిది?”

“నాదే.”

“నీదా! ఎవత్తెకో కుట్టించావు. నేనూ వెంటొచ్చేసరికి గతిలేక తొడుక్కున్నావు.”

“ఇప్పుడిదే ఫ్యాషనమ్మా,” అని మాస్టరు అడ్డుపడ్డాడు.

“మరి మీ చొక్కాకు లేదేం?”

మాస్టరు తన గుండీల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల గిరుక్కున తిరిగి గడప దాటబోయింది. “ఈ పెళ్లి సంగతి ఇంట్లో మళ్లీ మాట్లాడాలి.”

వదిన ఆ ముడుచుకున్న మూతి చూసింది. నవలలోనివాడి మూతే! ఊరుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు గంగలో కలుస్తుంది. ఒళ్లోని దారపుండ కింద పడేసి లేచింది.

“ఆగమ్మా. ఎవత్తీ లేదు. తప్పు నాది.”

గొడుగు సంగతంతా చెప్పింది. పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని విని, “ఆ పిల్లదే తప్పు. గొడుగు ఎందుకివ్వాలి?” అంది.

“వాన పడుతుంటేనో?”

“తడవనివ్వాలి!”

“నేనైనా ఇచ్చేవాణ్ణే,” అన్నాడు పెళ్లికొడుకు.

“నువ్వు నోరు మూసుకోవయ్యా బాబూ! ఇప్పుడిప్పుడే అతుకు పడుతోంది,” అన్నాడు తాత.

పిల్ల ఫక్కున నవ్వింది. “సరే, తర్వాతేమైందో చదవండి,” అని ఇస్త్రీ బల్ల అంచున కూర్చుంది. నవలలోనివాడికి బుద్ధొచ్చేదాకా కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, వదులైనా సరే ఆ చొక్కా తనకే కావాలని పట్టుకుపోయింది.

పెళ్లికొడుక్కి కుట్టిన రెండో చొక్కాను మాస్టరు మొదటిసారి తిరగేసి చూశాడు. వదిన ఏమీ అనుకోలేదు. తాత పుస్తకం తెరవకముందే ఎడమ పట్టీ మీద సుద్దతో గీత గీసుకోవడం మాత్రం అలవాటు చేసుకుంది.

ఈ కథంతా విని ఆవిడ దారం కొరికి అన్న మాట: “పెళ్లి నేనేం కుట్టలేదు. చొక్కా పాడుచేశాను, అంతే.”