గోంగూర మడిలో గుంట

బస్తరు అడవిలోని ఇనుపగని ఊరు కిరందుల్ క్వార్టర్లలో కింద తాతల నాటి నుంచి ఆ అడవివైపే ఉన్న తెలుగువాళ్ళం మేం, మా పైన శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫిట్టరు, ఆయన పైన మా నాయనకు డ్యూటీలు వేసే షిఫ్టు ఇన్‌ఛార్జి ఉండేవాళ్ళం. గురుత్వాకర్షణ గురించి నాకు తెలిసింది చాలావరకు ఈ అమరిక వల్లే. ఇన్‌ఛార్జి గారింటి బట్టల నీళ్ళు ఫిట్టరు బాల్కనీలో పడేవి, ఫిట్టరువి మా మడిలో. మాకు కింద ఎవరూ లేరు గనక మేం కంప్లయింటు ఇచ్చాం, ఫిట్టరు మీద. అప్పట్నుంచీ నాయనకూ ఆయనకూ మాటల్లేవు. ఒకే బస్సెక్కి గనికి వెళ్ళేవాళ్ళు, ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు.

ఒక మధ్యాహ్నం అమ్మ గోంగూర కోస్తుంటే చేతికి అందేంత దూరంలో ఇనుపరాయి పడింది. గని ఉన్న కొండ మీదినుంచి తెచ్చుకున్న అలాంటి రాయి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతారు. కొబ్బరికాయంత ఉన్నా ఒంటిచేత్తో లేపలేం. అమ్మ తల మీద పడి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

నాయన డ్యూటీ నుంచి రాగానే తీర్పు చెప్పేశాడు. "ఆ ఫిట్టరుగాడే. రెండో కంప్లయింటు పడితే వాణ్ణి లోడింగు ప్లాంటు పక్కన పాత లైను క్వార్టర్లకు పంపుతరు. పోనీ."

పాత లైనంటే ఎర్రదుమ్ము. అన్నంలో కూడా వస్తుంది. ఫిట్టరుకు ఆయాసం. ఆయన మెట్ల మీద నిలబడి గాలికి చెబుతున్నట్టు అన్నాడు, "ఏటండీ, రాయి మాదని ఎలా సెప్తారు? అడివి తెలుగోళ్ళకి మెదడుంటే కదా."

"అడివి తెలుగైనా కొడుకు జగదల్‌పూర్‌ల బీయెస్సీ ఫిజిక్సు," అన్నాడు నాయన, నా వైపు చూపించి. "ఏందిరా, తేల్చు."

సెలవులకు వచ్చినవాణ్ణి. నాకు ఇంతకంటే పని లేదు. రాయి చేసిన గుంట ఐదు వేళ్ళ లోతుంది. అమ్మ మడికి ఎప్పట్లాగే నీళ్ళు పెట్టాక, ఫిట్టరు ఇంటికి వెళ్ళి అదే రాయిని ఆయన బాల్కనీ నుంచి వదిలాను. ఆయన రైలింగు పట్టుకుని నా వైపు చూడకుండా నన్ను కాపలా కాశాడు. గుంట మూడు వేళ్ళు. ఇంకోసారి వదిలినా మూడే.

పై అంతస్తు తలుపు కొట్టే ధైర్యం మా బ్లాకులో ఎవరికీ లేదు. అందుకే లెక్క. నేల ఆపే బలం ఒకటే అనుకుంటే గుంట లోతు ఎత్తును బట్టి పెరుగుతుంది. మూడుకు ఫిట్టరు రైలింగైతే ఐదుకు ఎంత? కాగితం మీద వేసి, వచ్చిన ఎత్తును డాబా మీంచి వేలాడదీసిన తాడు మీద నేల నుంచి కొలిచాను. కొలత ఇన్‌ఛార్జి గారి రైలింగు దగ్గర ఆగింది.

నాయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. "మళ్ళ వెయ్యి."

మళ్ళీ వేశాను. భూమి తన పద్ధతి మార్చుకోలేదు.

"ఎవరేసినా కింద కూచునేది నేనే గదా," అంది అమ్మ. "మాదే, ఇకమీద జాగ్రత్తగా ఉంటమని పై నుంచి ఒక్క మాట వస్తే చాలు."

మాట కాదు, మనిషే వచ్చాడు. సాయంత్రం ఇన్‌ఛార్జి గారు దిగొచ్చి గుంట పక్కన నిలబడి, పోయినవాళ్ళ ఇంటికి వచ్చినట్టు తల ఊపి, హిందీలో అన్నారు, "ఇది కొండ మీద బ్లాస్టింగులో ఎగిరిన రాయి."

"అవును సార్," అన్నాడు ఫిట్టరు వెంటనే. "సప్పుడు నేను విన్నాను." ఆ రోజు బ్లాస్టింగు లేదని ఆయనకూ తెలుసు.

"గట్లనే ఉంటది సార్," అన్నాడు నాయన.

కొండ అంత దూరం నుంచి వస్తే రాయి ఏటవాలుగా దిగాలని, ఈ గుంట మాత్రం బావిలా నిటారుగా ఉందని నేను చెప్పాను. నాయన నా కాలు తొక్కాడు. గని బూటు.

ఇన్‌ఛార్జి గారు నవ్వారు. "బేటా, గాలి నిరోధం లెక్కేశావా?"

"లేదు సార్."

"అయితే ఇంకా చదవాలి," అని పైకి వెళ్ళిపోయారు.

కంప్లయింటు ఇవ్వలేదు. కొండ మీద కంప్లయింటు ఎవరిస్తారు? ఫిట్టరు పాత లైనుకు పోలేదు. అందుకు నాకు రావాల్సిన కృతజ్ఞత, "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు," అనే రూపంలో అందింది. అమ్మ గోంగూర మడి వైపు వెళ్ళడం మానేసి, సంత నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున బస్టాపులో నాయన, ఫిట్టరు పక్కపక్కన నిలబడ్డారు. నేను నాయనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళాను.

"సదువు ఎక్కువైతే ఇంతేనండి," అంటున్నాడు ఫిట్టరు.

"నిన్న నా ఉద్యోగం ఊడగొట్టేటోడే," అన్నాడు నాయన, డబ్బా అందుకుని నా మొహం చూడకుండా.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఒకే సీట్లో కూచున్నారు.