మా అత్త రోకలి, రేగుంట రాయి

ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలియాలంటే రోకలి ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలు. బీరువాలూ తాళంచెవులూ మా బోటి ఇళ్లల్లో ఎక్కడివి? మా అత్తకు ఒక రోకలి ఉండేది. పట్టుకునేచోట ఆమె చేతికి అరిగి అరిగి నున్నగా, కాస్త సన్నగా అయింది. కారమైనా పసుపైనా జొన్నపిండైనా ఆమే దంచాలి. నేను కోడలిగా రేగుంటకు వచ్చి ఏడాది దాటినా ఆ రోకలిని ముట్టనివ్వలేదు. నీళ్లు మోయడం, వాకిలి ఊడ్వడం, ఆమె దంచింది జల్లించడం, జల్లెట్లో మిగిలిన తవుడూ పొట్టూ కోళ్లకు వేయడం, అంతవరకే నా రాజ్యం. "నాగేపల్లోళ్లకు తినుడు ఎరుక గని దంచుడు ఏమెరుక" అనేది. మా పుట్టిల్లు నాగేపల్లి. ఆ మాటకు నాకు ఎంత రోషమంటే, ఒక్కసారి ఆ రోకలి నా చేతికొస్తే చాలు, ఇంకేమీ వద్దనుకునేదాన్ని. (బరువుపని ఇయ్యలేదని అంతగా కుమిలిపోయిన కోడలు మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ తాలూకాలో నేనొక్కదాన్నే అయివుంటాను.)

అది ఎనభైల నాటి మాట. ఎండాకాలం చివర్లో మా ఊరి బయట గుడారాలు వేశారు. నాగపూర్ నుంచి ఒక సారు వచ్చి, పొద్దంతా వాగుల వెంట తిరిగి, సుత్తితో రాళ్లు పగలగొట్టి సంచుల్లో తెచ్చుకునేవాడు. పేరేదో ఉండేది గానీ మాకు మాత్రం రాళ్లసారే. చిన్న సీసాలోంచి రాయి మీద ఒక చుక్క వేస్తే ఆ రాయి సోడాలాగా బుసబుస పొంగేది. అది చూసిన మా అత్త, "రాళ్లు గూడ తేన్పులు దీస్తున్నయి, ఇగ మనమేం బతుకుతం" అంది. సారుకు హిందీ, మరాఠీ తప్ప రావు. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన వంటాయన మాకూ ఆయనకూ మధ్య మాటలు మోసేవాడు. సున్నపురాయి అయితేనే అట్లా పొంగుతుందట. ఈ రాళ్లను పిండి చేసి నాగపూర్ పంపితే, అక్కడ మందునీళ్లలో కరిగించి, ఇందులో సున్నమెంత, ఇసుకెంత అని తేలుస్తారట. సున్నం బాగా ఉంటే ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ పెట్టొచ్చట.

"రాతిపిండి ఇంక దేనికన్న పనికొస్తదా తమ్మీ? ముద్దలు గట్టుకొని తింటరా ఏంది?" అని మా అత్త ఎగతాళి చేసింది.

"తింటరు గూడ అక్కా. పండ్లపొడి రాతిపిండే. కడుపుల మంటకేసుకునే గోలీల గూడ గదే ఉంటది. గోడలకేసే రంగు, మొగానికి రాసుకునే పౌడరు, అన్నిట్ల రాయే."

మా అత్త మెల్లగా నా వైపు తిరిగింది. "గట్లనా. మా ఇంట్ల ఒకామె పొద్దుగాల లేస్తే రాయి రుద్దుకుంటదన్నట్టు." (నా పౌడరు డబ్బా మీద ఆమెకు మొదటినుంచీ కన్నే.)

రాళ్లు దంచడానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలని కబురు వచ్చింది. దంచడమంటే ఊళ్లో ముందు మా అత్త పేరే చెబుతారు. రెండో మనిషిగా రావలసిన పక్కింటామెకు జ్వరం తగిలింది. వేరే దారిలేక మా అత్త నన్ను వెంటబెట్టుకు పోయింది. పందిరి కింద రెండు ఇనుపరోళ్లు, రెండు ఇనుపరోకళ్లు, మొగం కనబడేంత మెరిసే ఇత్తడి జల్లెళ్లు. ఇవాళ పనితనం చూపిస్తే రేపు ఇంట్లో రోకలి నాదే.

ఒక రాయి దంచాక రోలు శుభ్రంగా తుడవాలని, లేకపోతే ఒకదాని పిండి ఇంకోదాంట్లో కలిసి లెక్క చెడుతుందని సారు తానే తుడిచి చూపించాడు. "మిరపకాయ దంచిన రోట్ల తుడ్వకుంట పసుపు దంచుతమా? గిది గూడ మాకు జెప్పాల్నా" అంది మా అత్త. అది విని సారు చాలా సంతోషపడ్డాడు. పిండి మెత్తగా జల్లెడ దిగాలని చెప్పి వెళ్లిపోయాడు. జల్లెట్లో మిగిలినదాన్ని ఏం చేయాలో చెప్పాలని ఆయనకు తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు. అది కోళ్లకని నాకు తెలుసు కదా.

ఇక దంచాను. నాలుగు దెబ్బలకు మెత్తనైన పిండిని జల్లించి పొట్లం కట్టడం, నలగని రవ్వను పందిరి వెనక్కి విసిరేయడం, రోలు తుడిచి ఇంకో రాయి అందుకోవడం. వంటాయన పెంచుకునే కోళ్లు పరుగెత్తుకొచ్చి ఆ రవ్వను ముక్కుతో కెలికేవి. మధ్యాహ్నానికి నా ముందు పొట్లాలు వరసగా కూర్చున్నాయి. మా అత్త ఇంకా మొదటి రాయితోనే కుస్తీ పడుతోంది. మిగిలిన రవ్వను మళ్లీ మళ్లీ రోట్లో పోస్తోంది. అట్లా చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, రాయికి ఓడిపోవడం ఇష్టంలేక అంతే. "దంచుడు రాదంటివి, ఎట్లున్నది అత్తమ్మా" అన్నాను. ఆమె రవ్వను మళ్లీ రోట్లో పోసుకుంది. ఆ క్షణంలో నా అంత సుఖపడ్డ మనిషి లేదు.

సారు వచ్చి నా పొట్లం ఒకటి త్రాసులో పెట్టాడు. మొగం ముడుచుకుంది. ఇంకోటి పెట్టాడు. రాయి బరువుకూ పిండి బరువుకూ పొంతన లేదు, తక్కినదేదని అడిగాడు. నేను కొంగు సర్దుకుని గొప్పగా పందిరి వెనక్కి చూపించాను. "మొరటుదంత తీసేసి మంచిదే ఇచ్చిన సార్." అన్ని రాళ్ల రవ్వా ఒకే కుప్పగా కలిసిపోయింది, దాని మీద కోళ్లు. సారు నుదురు పట్టుకుని అక్కడే రాయి మీద కూలబడ్డాడు.

ఆయన చెప్పిందంతా వంటాయన మాకు విప్పి చెప్పాడు. "సున్నం మెత్తగుంటది, జల్ది నలుగుతది బిడ్డా. ఇసుక గట్టిది, మిగిలిపోతది. నువ్వు ఇసుకంత పారేస్తివి. ఇగ గీ పొట్లాలు జూస్తే రేగుంట రాయంత ఒట్టి సున్నమే అని రాస్తరు. దేవుడు జేసిన రాయికన్న నువ్వు జేసిందే మంచిగున్నదంటున్నడు సారు."

ఇంటి రోకలి సంగతి అటుంచి, రేపటినుంచి జల్లెడ కూడా ముట్టనివ్వదనుకున్నాను. మా అత్త లేచి, చీరకంటిన తెల్లటి దుమ్ము దులుపుకుంది.

"పిల్లను ఏమనకు సారూ. జల్లెట్ల మిగిలింది కోళ్లకెయ్యమని నేనే నేర్పిన. గిప్పుడు సమజైంది నాకు. సంబంధానికి పోయి పిల్ల మొగం జూసి ఒప్పుకున్నం, నోరెట్లుంటదో చూడలే. ఇంటికొచ్చినంక ఎరుకైంది. గీ పొట్లాలది గూడ గంతేనా?"

వంటాయన హిందీలోకి తిప్పేసరికి సారు పడీపడీ నవ్వాడు. నవ్వి, ప్రతి రాయిలోనూ సగం వేరే సంచిలో దాచానని చెప్పాడు. కానీ మబ్బు పట్టింది. వాన పడితే వాగులు పొంగి దారి తెగుతుంది, లారీ సాయంత్రమే పోవాలి. అంటే అదంతా చీకటిపడేలోగా దంచాలి. మా అత్త ఇత్తడి జల్లెడ తెచ్చి తన రోలు పక్కన పెట్టుకుంది.

"ఏం జూస్తున్నవ్? రోకలి తీస్కొని ఇటు రా. ఎదురు పోటెయ్యి."

ఒకే రోట్లో ఎదురెదురుగా నిలబడి, ఒక పోటు ఆమెది, ఒక పోటు నాది. మొదట్లో రోకళ్లు రెండూ గుద్దుకున్నాయి. "నీకు తొందరెక్కువ, జర ఆగి ఎయ్యి" అంది. ఆగి వేశాను. తర్వాత ఎవరి పోటు ఎవరిదో తెలియకుండా సాగిపోయింది. జల్లెట్లో మిగిలిన ప్రతి రవ్వా మళ్లీ రోట్లోకే. తొలి చినుకులు పడుతుండగా లారీ కదిలింది. మేమిద్దరం కనుబొమ్మలతో సహా తెల్లబడి ఇంటికొస్తే, వాకిట్లో ఉన్న మా ఆయన జరిగి దారిచ్చాడు, ఎవరో పరాయివాళ్లనుకుని.

ఫ్యాక్టరీ రాలేదు. రాయిలో ఇసుక ఎక్కువని తేలిందట. "నీ కోడలు ముందు దంచిన పొట్లాలే పంపనిస్తే మనూరికి ఫ్యాక్టరీ వచ్చేది గదనే" అని ఊళ్లోవాళ్లు మా అత్తను చాన్నాళ్లు ఆటపట్టించారు. ఆమె మాత్రం మర్నాడే మిరపకాయలు రోట్లో పోసి, తన రోకలి నా చేతికిచ్చి, గడప మీద కూర్చుని ఆకూవక్కా నములుతూ చూసింది. ఆకుకు సున్నం రాసుకుంటూ, "ఇది నువ్వు దంచిందేనా ఏంది, మంచిగున్నది" అంది. నాగేపల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ ఉంది. దాని దగ్గరికి నా కోడలు నన్ను రానివ్వదు. "మీకు షాక్ కొడ్తది అత్తమ్మా, దూరం కూసోండ్రి" అంటుంది. కూర్చుంటాను. కారం జల్లించి, మిగిలిన పిప్పిని పారెయ్యబోతుంటే మాత్రం ఉండబట్టదు. "ఆగు బిడ్డా, గది గూడ మల్లొకసారి తిప్పు" అంటాను. అది నవ్వి మిక్సీలో పోస్తుంది. ఆ రొద వింటూ, ఎదురు పోటు వేయడానికి మిక్సీలో చోటెక్కడుంటుందని అట్లా చూస్తూ ఉంటాను.