పంపకం ముందు, ఎక్కం తర్వాత: మా రెడ్డెప్ప సారు

సోమవారం బడి గంటకు మదనపల్లెలోని మా ప్రాథమిక పాఠశాలకు రావలసిన మనిషి, ఆ తెల్లవారుజామునే నిద్రలో కన్నుమూశారు. రెడ్డెప్ప సారు అస్తమించారన్న వార్త ఫోనులో విన్నప్పుడు నేను ఆయన కోసం కుర్చీ తుడుస్తున్నాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. వాదం మధ్యలో లేచి వెళ్ళిపోయే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

పుంగనూరులో ఆయన నాకు నాలుగో తరగతి చెప్పారు. ఎక్కాలు రాగం తీసి వల్లించడంలో నన్ను మించిన విద్యార్థిని లేదని నాకు మహా గర్వం. ఒకనాడు ఆ రాగాన్ని మధ్యలో ఆపి, “ఏడెనిమిదులెంతమ్మా?” అన్నారు. నేను ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టాను.

“యాల అంత దూరం పోతాండావు? బస్సు మీ ఇంటి కాడ ఆగితే ఎక్కకుండా, డిపో దాకా నడిచిపోయి ఎక్కొస్తావా?”

“సీటు దొరకతాది గదా సార్!”

తరగతి గొల్లుమంది. ఆయనా నవ్వారు. మా సుదీర్ఘ వాగ్వివాదానికి అదే నాంది.

చాలా ఏళ్ళ అనంతరం కుప్పంలో ఆయనకు సహోపాధ్యాయినినయ్యాను. ఆయన బోధనాపద్ధతి లోకానికి తలకిందులు: గుణకారానికి ముందే భాగహారం. నేలమీద చెనక్కాయలు కుప్ప పోసి, ఒక బిడ్డను పిలిచి, సమంగా వాటాలు వేయమనేవారు. నియమం ఒక్కటే. వాటాలు వేసినవాళ్ళు తమ వాటాను కడాన తీసుకోవాలి. తక్కువ కుప్ప చివరికి తమకే మిగులుతుందన్న భయంతో పిల్లలు ఎంత నిష్పక్షపాతంగా పంచేవారో! ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు తమిళంలోనే లెక్కపెట్టుకునేవారు. నేను అభ్యంతరం చెబితే, “లోపల్లోపల ఏ బాసలో ఎంచుకుంటే నీకేం నొప్పి? జవాబు తెలుగులో చెప్తాండారా లేదా?” అనేవారు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, ఇంకా ఎక్కాలు మొదలుపెట్టలేదా అని గద్దించారు. “బిడ్డలింకా పంచుకోని తినే కాడ ఉండారు సార్. మీరూ కూసోండి,” అని సారు పిడికెడు కాయలు ఆయన చేతిలో పోశారు. అధికారి కాయలు తిన్నారు. మెమో కూడా ఇచ్చారు. సారును సర్వగుణసంపన్నుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ఏ సంవత్సరమూ సిలబస్ పూర్తి చేయలేదు. వదిలేసిన పాఠాల భారమంతా పై తరగతి చెప్పే నా నెత్తిన పడేది. మహనీయుల పక్కన పనిచేయడం మామూలు మనుషులకు బహు శ్రమ.

మా చివరి తగవు హరిత గురించి. కురబలకోట నుంచి మా బడికి వచ్చే ఐదో తరగతి పిల్ల. భాగహారం గుర్తు కనబడితే చాలు, తల దించేసుకుంటుంది. “లెక్కలు రానిదానికి ఆరో తరగతి యాలమ్మా? గొర్రెల ఎనక పోతాదిలే,” అని వాళ్ళ అవ్వ నాతో తెగేసి చెప్పింది. నెల పొడుగునా ఆ పిల్ల చేత ఎక్కాలు వల్లె వేయించాను. ఫలితం శూన్యం. సారు పోవడానికి ముందురోజు, ఆదివారం, రిటైరై ఇంటిపట్టున ఉన్న ఆయన దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంటే కసిరారు.

“ముందు పంచనియ్యి. పంచి పంచి విసుగు పుడితే, బిడ్డే వచ్చి ఎక్కం అడగతాది. అప్పుడు నేర్పు.”

“అడగకపోతే?”

“రేపొస్తా. నా ముందర కూసోబెట్టు. నువ్వు మాత్రం నోరు మూసుకోని ఉండు.”

అంత్యక్రియలైన మర్నాడు, విశ్వాసంతో కాదు, పంతంతో, హరిత ముందు చెనక్కాయలు పోశాను. ఒక్కొక్క కాయే పెడుతూ రోజూ వాటాలు వేసింది. నేను నోరు మూసుకునే ఉన్నాను. అదెంత కఠోర తపస్సో నన్నెరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మొన్న మధ్యాహ్నం పెద్ద కుప్పను ఏడు వాటాలు వేస్తూ చటుక్కున ఆగింది.

“మేడమ్, ఒగొగటి పెట్టేకి చేతులు నొస్తాండాయి. ఏడో ఎక్కం చెప్తారా?”

నిన్న సాయంత్రం అవ్వను పిలిపించి, ఆమె ఎదుటే బోర్డు మీద ఏడుతో భాగహారం చేయించాను. అవ్వ బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

“నిజంగా దానికే వచ్చిందా, నువ్వు సైగ చేస్తాండావా?”

“నా మొహం గోడ తట్టు తిప్పుకుంటా, ఇంకోటి ఇయ్యి!” అన్నాను. అవ్వ తనకు తోచిన అంకె ఇచ్చింది. హరిత చేసింది. ఆరో తరగతికి పంపుతానని అవ్వ గొణుగుతూనే ఒప్పుకుంది.

సార్, మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. కానీ ఒక్క హరితతో మీ సిద్ధాంతం రుజువైపోతుందా? తక్కిన పిల్లల మాటేమిటి? సిలబస్ మాటేమిటి? నా ఆక్షేపణలు యథాతథంగా ఉన్నాయి. ఇన్నేళ్ళ సాహచర్యంలో మీరేం జవాబిస్తారో నేను ఒక్కనాడూ ముందుగా ఊహించలేకపోయాను. నిన్నటి నుంచి ప్రయత్నిస్తున్నాను, ఇప్పుడూ చేతకావడం లేదు.